నేను ఎస్కార్ట్‌ని కాదు

పదిహేనేళ్లుగా అమలాపురం దగ్గర ఒక కాలేజీలో ఆడపిల్లలకి పరుగు నేర్పుతున్నాను. జీతం కాగితంలో నేను అసిస్టెంట్ కోచ్‌ని, అదీ పార్ట్‌టైమ్. పోటీలకి వెళ్లొచ్చాక పెట్టే టి.ఎ. బిల్లులో మాత్రం 'లేడీ ఎస్కార్ట్'ని. అంటే కాపలా మనిషిని.

కోనసీమలో క్రాస్ కంట్రీకి కొండలూ గుట్టలూ ఉండవు. కాలువగట్టే మా ట్రాకు. వానాకాలం జారుడు, వేసవిలో కాలువ కట్టేస్తే బురద కంపు. అయిదింటికి పిల్లలు గట్టెక్కాలంటే నాలుగున్నరకే నేను వాళ్ల గుమ్మంలో ఉండాలి. "మీరుంటేనే పంపుతావండి" అంటారు తల్లులు. నెలసరిలో ఉన్న పిల్ల ఆ రోజు ఎంత పరుగెత్తాలి? రక్తం లేక కళ్లు తిరిగే పిల్లకి దూరం పెంచాలా, తిండి పెంచాలా? పెళ్లిచూపులని మానిపించిన పిల్లని మళ్లీ ఎలా తెచ్చుకోవాలి? ఇదంతా శిక్షణ కాదట, ఆడవాళ్లు చూసుకునే పనులట! స్టాప్‌వాచ్ పట్టుకోవడమే కోచింగ్ అట. ఆ వాచ్ కూడా నా చేతిలోనే ఉంటుంది, ఫొటో తీసేటప్పుడు తప్ప.

ఇంటి చాకిరీకి జీతం లేదు, పేరు లేదు అని ఎన్నేళ్లుగానో రాసుకుంటున్నాం. అదే చాకిరీని మైదానంలోకి తెచ్చి 'అసిస్టెంట్' అన్నారు. "మీరు లేకపోతే టీమే లేదమ్మా" అన్నారొకసారి మా పి.డి. గారు. మరి పోస్టో? "అది మేనేజ్‌మెంట్ సంగతి."

ఈ నేల మీద పరుగెత్తే ఆడపిల్లలకి కొరత లేదు. గోదావరి అవతల మార్టేరు నుంచే సత్తి గీత 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ రిలే జట్టుకి వెళ్లింది. కానీ పి.టి. ఉషకి నంబియార్, ద్యుతీ చంద్‌కి నాగపురి రమేశ్, మన విశాఖ జ్యోతి యర్రాజికి జేమ్స్ హిల్లియర్. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. పరుగు ఆమెది, గురుత్వం ఆయనది అన్నది మనకి ఇంత సహజంగా ఎలా అనిపిస్తోందనే నా గొడవ. టోక్యో ఒలింపిక్స్‌కి వచ్చిన కోచ్‌లలో ఆడవాళ్లు నూటికి 13 మందే. ఆడవాళ్లు ముందుకు రారంటారు. పటియాలాలో ఆరు వారాల కోర్సుకి వెళ్లడానికి మూడేళ్ల పిల్లని అమ్మ దగ్గర వదిలి, గాజులు కుదువ పెట్టాను. తిరిగొచ్చాక నా హోదా మారలేదు, జీతమూ మారలేదు.

అసలు ఆ కాపలా ఎవరి నుంచి? 2023లో మల్లయోధురాళ్లు తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలతో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు మా స్టాఫ్ రూములో ఒకాయన, "అందుకేనండీ లేడీ ఎస్కార్ట్ ఉండాలి" అన్నాడు. ఉండి ఏం చెయ్యాలి? ఎస్కార్ట్ చూడగలదు, పిల్లతో పాటు ఏడవగలదు. జట్టులో ఎవరుండాలో, పిల్లలతో ఏ మగవాడు ప్రయాణం చెయ్యకూడదో చెప్పే అధికారం ఆమెకి లేదు. బాధ్యత ఆమెది, సంతకం ఇంకొకరిది. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టి ఆడపిల్లలకి రక్షణ కల్పించామంటే నేను ఒప్పుకోను. ఆడపిల్లల జట్టుకి ఆడ మనిషి కోచ్‌గా, పూర్తి పోస్టులో, సంతకం పెట్టే హక్కుతో ఉండాలి.

మొన్నటి బిల్లులో 'ఎస్కార్ట్' కొట్టేసి 'కోచ్' అని రాశాను. గుమాస్తా, "కాలమ్‌లో ఆ మాట లేదండి మేడమ్" అని తిప్పి పంపాడు. మళ్లీ అలాగే రాసి పంపాను. బస్సు ఛార్జీలు ఇంకా రాలేదు.