సమాధిరాయి మీద అంకెలు

ఇంటిలెక్క రాసుకుంటూ వుండగానే ఫోనులో యాప్ గుటుక్కుమంటుంది. “పాడు ఫోను!” అని మీరు వూరుకుంటారు. మాబోటి ప్రోగ్రామర్లు వూరుకుంటే చెల్లదు. చావుకు కారణం చెప్పాలి.

ఈ మరణవాంగ్మూలానికి ఆండ్రాయిడ్ వారు పెట్టిన పేరు “టూంబ్‌స్టోన్”, అంటే సమాధిరాయి. సీ, సీ ప్లస్ ప్లస్‌లలో రాసిన భాగం కూలితే, తరచు దానిమీద “సిగ్నల్ 11” అని వుంటుంది. తనది కాని జాగాలో చెయ్యి పెట్టిందన్నమాట! కింద వరసగా అంకెలు. ఊరూ లేదు, పేరూ లేదు.

బరువు తగ్గుతుందని పేర్లు చెరిపి మీకు పంపుతాం మరి. పేర్లున్న ప్రతి మా దగ్గర వుండాలి. దాన్నీ, ఈ అంకెలనూ “ఎన్‌డీకే-స్టాక్” అనే పనిముట్టుకు అప్పగిస్తే, ఫలానా ఫైలు, ఫలానా పంక్తి అని చెబుతుంది.

అయితే రెండూ ఒకే కూర్పువి కావాలి. అందుకు “బిల్డ్ ఐడీ” అనే వేలిముద్ర చూసుకోవాలి. నిన్నటి ప్రతితో నేటి అంకెలు చదివితే, ఏ పాపం ఎరగని పంక్తికి శిక్ష పడుతుంది.

కనుక నా పట్టు ఒకటే: యాప్ గడప దాటకముందే పేర్లున్న ప్రతి భద్రంగా బీరువా చేరాలి.

అన్నట్టు, కూలిన పంక్తే నేరస్థురాలని తొందరపడకండి. జాగాను పాడుచేసింది ఎక్కడో వెనక వుండవచ్చు. ఆ వెతుకులాట మరో వారం.