మాట వినెడి యంత్రములు

స్వాతంత్ర్యమను మాట చెవిని బడగనే మనకు జెండాయు, ఉద్యమములును, త్యాగమూర్తుల చిత్రపటములును జ్ఞప్తికి వచ్చును. అది పెద్ద స్వాతంత్ర్యము. దానితోబాటు, ఎవరును పాటలు కట్టని చిన్న స్వాతంత్ర్యములు కొన్ని కలవు. ఉక్క పోసినపుడు ఫ్యాను వేసికొనుట. నిద్ర వచ్చినపుడు దీపము తీసివేయుట. తలుపు తట్టిన వారెవరో తెలిసికొని తీయుటయో మానుటయో నిశ్చయించుకొనుట. ఎవరితోనైన మాటలాడ మనసైనపుడు ఫోను చేసికొనుట. ఇవియు స్వాతంత్ర్యములే యని మన మెన్నడును తలపము. ఊపిరి ఆడినంతసేపు గాలి సంగతి తలపనట్లే, చేయి కదలినంతకాలము స్విచ్చి సంగతి తలపము.

మన ఇండ్లు కట్టిన తీరు ఒక్కసారి పరికింపుడు. స్విచ్చి నిలుచున్నవాని భుజమెత్తున నుండును. గొళ్లెము తలుపు పైభాగమున నుండును. గడప దాటనిదే గదిలోనికి పోరాదు. గోడ కట్టిన మేస్త్రీకి గాని, కట్టించిన యజమానికి గాని ఎవరిపట్లను ద్వేషము లేదు. ఇంటిలో నుండువారందరును నిలువగలరు, చేయి చాపగలరు, చూడగలరు అను నమ్మకము మాత్రము ఇటుకలతోబాటు గోడలోనికి పోయినది. ఆ నమ్మకము ఎవరి విషయమున అబద్ధమగునో, వారు తమ ఇంటిలోనే పరాయివారగుదురు.

అట్టివారు కొద్దిమంది కారు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షల మంది. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములను గుర్తింపగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశము 2007లో అంగీకరించినది. అందలి 19వ అధికరణము స్వతంత్రముగ జీవించు హక్కును గూర్చియే పలుకుచున్నది. వికలాంగులనుట మాని దివ్యాంగులనుట కూడ నేర్చితిమి. పేరు మారినంత వేగముగ గోడ మారలేదు.

ఇట్టి తరుణమున ‘వాయిస్ అసిస్టెంటు’ అను క్రొత్త సాధనము మన ఇండ్లలోనికి వచ్చినది. మాట వినెడి యంత్రమనిన మనకు సులువుగ బోధపడును. 2011లో ఆపిల్ వారి సిరి, 2014లో అమెజాన్ వారి అలెక్సా, 2016లో గూగుల్ వారి అసిస్టెంటు లోకమునకు పరిచయమైనవి. అలెక్సా 2017లో మన దేశమునకు వచ్చినది. ఈ యంత్రము సెల్‌ఫోనులోనే యుండవచ్చును. లేదా మరచెంబంత డబ్బాగ గూటిలో కూర్చుండవచ్చును. దాని కొక పేరుండును. ఆ పిలుపు కొరకే అది చెవియొగ్గి యుండును. పిలుపు వినబడగనే తరువాతి మాటలను పట్టి, ఇంటర్నెట్టు ద్వారా దూరముననున్న పెద్ద కంప్యూటర్లకు పంపును. అవి ధ్వనిని అక్షరములుగను, అక్షరములను అర్థముగను మార్చి, ఆజ్ఞను మరల ఇంటికి పంపును. తగిన బల్బులు, ప్లగ్గులు అమర్చియున్నచో దీపము వెలుగును, ఫ్యాను తిరుగును. 1951లో వచ్చిన పాతాళభైరవి చిత్రమును చూచి పెరిగినవారికి ఇది ఇంద్రజాలమువలె తోచును గాని, ఇందు మంత్రమేమియు లేదు; డెబ్బదియేండ్ల పరిశ్రమ కలదు.

1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసిన యంత్రము అంకెలను మాత్రమే గుర్తుపట్టెడిది. మనిషి ఎడతెగక పలికెడి వాక్యమును యంత్రమునకు బోధపరచుట అంతకంటె ఎన్నో రెట్లు కష్టము. ఆ కష్టమునకు పూనుకొన్న తొలివారిలో మన తెలుగువా రొకరున్నారని విద్యార్థులు తప్పక తెలిసికొనవలెను. రాజ్ రెడ్డియని లోకము పిలుచు దబ్బల రాజగోపాల రెడ్డిగారు 1937లో అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున జన్మించిరి. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన ఆధ్వర్యమున హియర్‌సే, హార్పీ మొదలగునవి రూపొందినవి. 1976 నాటి హార్పీకి తెలిసిన మాటలు 1011. బడిలో చేరబోవు పసివానికి తెలిసిన మాటలకంటెను తక్కువ. అయినను అది ఆ నాటికి గొప్ప మెట్టు. 1994లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారము లభించినది. ఆయన శిష్యుడు జేమ్స్ బేకరు, భార్య జానెట్‌తో కలిసి స్థాపించిన సంస్థ 1997లో, పలికినది పలికినట్లు వ్రాసిపెట్టు సాధనమును విపణిలోనికి తెచ్చినది. కలము పట్టజాలని చేతులు గలవా రెందరో దానితో ఉత్తరములును, గ్రంథములును వ్రాసికొనిరి.

ఈ విషయమున ఇంకొక చరిత్ర స్మరణీయము. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రి వెన్నుపూస దెబ్బతిన్నవారి చికిత్సకు ప్రసిద్ధి చెందినది. 1960 ప్రాంతమున అచ్చటికి రోగులను చూడబోయెడి రెగ్ మేలింగ్ అను నతడు, మెడ క్రింద ఏ అవయవమును కదలింపలేనివారి స్థితికి కలతచెంది, ఊపిరితో నడుచు యంత్రమును కల్పించెను. రోగి ఒక గొట్టములోనికి ఊదినను, పీల్చినను దీపము వెలుగును, గంట మ్రోగును, టైపు యంత్రము కదలును. దాని ఇంగ్లీషు నామములోని అక్షరములను కూర్చి ‘పోసమ్’ అని పేరు పెట్టిరి. లాటిను భాషలో ఆ పదమునకు ‘నేను చేయగలను’ అని యర్థము.

తెలుగు పంతులుగ నాకు ఇచ్చట ఒక భావము కలుగుచున్నది. ‘నేను చేయగలను’ అనుటకు మనము ‘నాకు చేతనగును’ అందుము. చేయలేనివానిని ‘చేతగానివాడు’ అందుము. ఆ ‘చేత’ యనుటలో చేయి స్పష్టముగ వినబడుచున్నది. శక్తి యంతయు చేతిలోనే యున్నదని మన పలుకుబడి తీర్మానించివైచినది. కావుననే చేయి చచ్చుబడినవానిని చేతగానివానిగ ఎంచుట మనకు అంత సులభమైనది. మేలింగు కల్పించిన యంత్రము ఊపిరిచేతను, నేటి యంత్రములు నోటి మాటచేతను పనులు జరిపించి, ఆ తీర్మానమును కొట్టివేసినవి. పాఠశాలలో ‘చేతగానివాడు’ అను తిట్టును మనము ఇకమీదట కొంచెము తడుముకొని వాడుట మేలు.

అయితే పోసమ్ వికలాంగుల కొరకే పుట్టినది. నేటి యంత్రములు అట్లు పుట్టలేదు. అన్ని అవయవములు చక్కగనున్నవారు మంచముపైనుండి లేవకుండ పాట వినుటకై ఇవి అంగడికి వచ్చినవి. వారి కివి ముచ్చట, మంచమునకు అంటుకొనిపోయినవారికి ముఖ్యావసరము. అంగడి వస్తువగుటచే వెల తగ్గినది. ఎవరింట నున్నను వింతగ కనబడదు. ఇది మేలే. కాని ముచ్చటకై చేసినవాడు ముచ్చట తీరినంతనే మార్చివేయును, మానివేయును. దానిపై బ్రతుకు నిలుపుకొన్నవాని సంగతి అతనికి పట్టకపోవచ్చును. ఈ తేడాను మరువరాదు.

ఈ సాధనమువలన కలుగు లాభములను లెక్కించువారు దీపము, ఫ్యాను, ఫోను అని జాబితా వ్రాయుదురు. చూపులేనివారు వేళ తెలిసికొనవచ్చును, వార్తలు వినవచ్చును. మరపు గల వృద్ధులకు మందు వేళ గుర్తుచేయబడును. అన్నియు నిజమే. కాని అసలు లాభము ఆ జాబితాలో లేదని నా అభిప్రాయము. అది మరియొకరిని అడుగవలసిన యవసరము తగ్గుట.

నా పూర్వవిద్యార్థి యొకడు మోటారుసైకిలు ప్రమాదమున వెన్నుపూస విరిగి యేండ్లతరబడి మంచముననే యున్నాడు. తల్లి యే అతనికి చేతులును, కాళ్లును. చూడబోయినపుడు అతడు నాతో ననిన మాట మరువలేను. “మాస్టరుగారూ, అమ్మ ఏనాడును విసుగుకొనలేదండీ. అదే నాకు ఎక్కువ బాధ. రాత్రి రెండు గంటలకు ఉక్క పోసిన అమ్మను లేపవలెనా, చెమటతో తెల్లవారువరకు పడియుండవలెనా యని ఆలోచించెడివాడను. ఇప్పుడు ఆ ఆలోచన లేదు.” ఆ యింట ఫ్యాను మునుపును తిరిగినది, ఇప్పుడును తిరుగుచున్నది. తిరిగించువారు మారినారు, అంతే. కాని ఆ మార్పులో ఒక మనిషి తల ఎత్తుకొనుట కలదు, ఒక తల్లి కంటినిండ నిద్రపోవుట కలదు.

యాచన ఎంత హీనమో మన పెద్దలు తరతరములుగ చెప్పుచునే వచ్చిరి. ధనమును యాచించుట యొక్కటే యాచన కాదు. దినమునకు నూరుమార్లు ‘కొంచెము ఆ కిటికీ వేయవా’, ‘కొంచెము ఆ దీపము తీయవా’ యని ప్రాధేయపడుటయు యాచనయే. అడిగెడి ప్రతిసారియు ఎదుటివాని ముఖము చూచి, సమయము కనిపెట్టి, గొంతు తగ్గించుకొనవలెను. యంత్రమును బ్రతిమాలనక్కరలేదు. ఆజ్ఞాపించిన చాలును.

ఇందుకు పెద్ద లొక ఆక్షేపణ చెప్పుదురు: “సేవ యంత్రమునకు అప్పగించినచో కుటుంబబంధము సడలిపోవును. కన్నతల్లి చేయవలసినది డబ్బా చేయుటయా?” ఈ మాట త్రోసివేయదగినది కాదు. యంత్రమున్నదిగదా యని గది తలుపు మూసి వెళ్లిపోవు బంధువులును ఉండవచ్చును. కాని సేవయు, ప్రేమయు ఒకటి కావు. ఫ్యాను వేయుటకై మాటిమాటికి వచ్చెడి తల్లి, అలసి, కూర్చుండి మాటలాడుట మానివేయును. ఆ పని తప్పినచో కూర్చుండుటకే రాగలదు. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అను నతడు బాల్యమున పోలియో సోకి, రాత్రులు ఇనుప ఊపిరితిత్తి యంత్రములో నిద్రించుచు, 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున చేరెను. 1972లో స్వతంత్ర జీవన కేంద్రమును నెలకొల్పినవారిలో నొకడయ్యెను. ఆ ఉద్యమము బోధించినది ఒక్కటే: స్వతంత్రత యనగా అన్ని పనులును తానే చేసికొనుట కాదు, ఏ పని ఎప్పుడు ఎట్లు జరుగవలెనో తానే నిర్ణయించుకొనుట. ఆ లెక్కన సహాయము పొందుచు స్వతంత్రుడై యుండవచ్చును. ఒంటరిగ నుండి పరతంత్రుడు కావచ్చును.

యంత్రపు లోపములను కూడ చెప్పకున్న న్యాయము కాదు. కరెంటు పోయిన అది మూగ. ఇంటర్నెట్టు పోయిన చెవిటి. అది విన్నమాట కంపెనీవారి యొద్ద నిలువయుండును. పిల్లల మాటల రికార్డులను తగని విధముగ దాచియుంచిరను ఆరోపణపై 2023లో అమెరికాలో అమెజాన్ సంస్థ 2 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. గది దాటలేనివాని గదిలో ఎల్లవేళల చెవియొగ్గియుండు యంత్రమునకు కట్టుబాట్లు మరింత గట్టిగ నుండవలెను.

అన్నిటికంటె పెద్ద లోపము వేరొకటి కలదు. స్పష్టముగ పలుకగలవారి మాటయే దానికి తెలియును. మెదడు పక్షవాతముచే నాలుక తడబడువారు, నత్తి గలవారు, పక్షవాతముచే మాట ముద్దగ వచ్చువారు పిలిచిన అది పలుకదు. సహాయ మెవరికి ఎక్కువ యవసరమో వారికే తలుపు మూయబడినది. ఈ లోపమును తీర్చుటకై 2022లో ఇలినాయ్ విశ్వవిద్యాలయము, పెద్ద కంపెనీలతో కలిసి, అట్టివారి కంఠస్వరములను సేకరించుటకు పూనుకొన్నది. మన భాషలో ఆ పని మనమే చేసికొనవలెను.

మన భాష సంగతియే చూడుడు. 2017లో గూగుల్ వారు పలికిన మాటను అక్షరముగ మార్చు సదుపాయమును తెలుగునకును కలిగించిరి. 2019లో అలెక్సా హిందీ నేర్చినది. అయినను దీపమునకు, ఫ్యానుకు ఆజ్ఞలిచ్చుటకై మన ఇండ్లలో అమ్మమ్మలు ఇంగ్లీషు ముక్కలు వల్లెవేయుట చూచుచున్నాము. దీపము ఆర్పుటకు ఒక ఊరివారు ‘తియ్యి’ అందురు. ఒక ఊరివారు ‘ఆపు’ అందురు. వేరొక ఊరివారు ‘బంజేయి’ అందురు. ఇంటి పెద్దలు ‘ఆర్పు’ అనుట అశుభమని ‘కొండెక్కించు’ అందురు. శ్రీకాకుళపు యాసయు, రాయలసీమ పలుకును, తెలంగాణపు నుడియు తెలిసిననాడే అది తెలుగు తెలిసిన యంత్రమగును. పుస్తకపు తెలుగు మాత్రము నేర్చిన యంత్రము పల్లెటూరి వృద్ధురాలికి పరదేశియే.

కావున ముగ్గురికి మూడు పనులు కలవు. ప్రభుత్వము 1981 నుండి వికలాంగులకు ఉపకరణములిచ్చు పథకమును నడుపుచున్నది. మూడు చక్రముల బండికి, వినికిడి యంత్రమునకు ఎట్టి గౌరవమున్నదో, ఇంటిలో మాటతో నడుచు సాధనములకును అందు అట్టి స్పష్టమైన స్థానము కల్పింపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన భాషిణి వంటి ప్రయత్నములును, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి విద్యాసంస్థలును తెలుగు మాటల భాండారమున తడబడు నాలుకలకును పీట వేయవలెను. ఉపాధ్యాయులును, విద్యార్థులును తమ ఊరి పలుకుబళ్లను, తమ వీధిలో ఎవరును ఓపికతో వినని గొంతులను, వారి యనుమతితో, సేకరించి అట్టి సంస్థలకు అందింపవచ్చును. తెలుగు భాషాసేవ యనగా పద్యములు కంఠస్థము చేయుట యొక్కటే కాదు.

ఈ యంత్రమును చూచి మన బాధ్యత తీరినదని మాత్రము మురియరాదు. అది గదిలో దీపము వెలిగింపగలదు; బడి మెట్ల ప్రక్క వాలుబాట కట్టజాలదు. తలుపు తెరువగలదు, తెరచిన తలుపునుండి బయటికి వచ్చినవానికి వీధిలో చోటిచ్చుట మన పని. ఒక యంత్రము ఇంతటి శ్రద్ధతో మనిషి మాట వినుచున్న కాలమున, మనిషి మాట మనిషి వినకుండుట సిగ్గుచేటు.