పచ్చళ్ల మూట కట్టే ముందు ఫోను సంగతి చూడండి

మా పాల్వంచ, భద్రాచలం వైపు ఎవరింట్లోనైనా పిల్లలు దేశం దాటుతున్నారంటే నెల రోజుల ముందు నుంచే హడావుడి మొదలవుతుంది. ఆవకాయ నూనె కారకుండా ఎన్ని కవర్లు చుట్టాలి, కందిపొడి ఎంత పెట్టాలి, పెట్టె 23 కిలోలు దాటితే ఏది తీసెయ్యాలి... ఒకటే చర్చ. అమెరికా వెళ్లేవాళ్లయితే కుక్కరు కూడా పెట్టెలోకి ఎక్కుతుంది. ఫోను సంగతి ఎత్తితే మాత్రం "అక్కడ దిగాక సిమ్ము కొనుక్కుంటాడులే" అని ఒక్క మాటతో తేల్చేస్తాం. నేనూ అలా అన్నదాన్నే. 2022 జులై తర్వాత అనడం మానేశాను.

మా వదిన (మావారి అక్క) వాళ్లది బూర్గంపాడు దగ్గర గోదావరి ఒడ్డు ఊరు. ఆ ఏడు మే నెలలో వాళ్ల అబ్బాయి ఎలక్ట్రీషియన్ పనికి షార్జా వెళ్లాడు. మొదటిసారి విమానం ఎక్కడం, మొదటిసారి అమ్మను వదిలి ఉండటం. వదిన చేతిలో ఉన్నది నొక్కుడు బటన్ల చిన్న ఫోను. వాడు సెలవు రోజున బ్యాలెన్స్ వేసుకుని ఐఎస్‌డీ కాల్ చేసేవాడు. "తిన్నావా? ఎండలెట్లున్నయి?" అని నాలుగు మాటలు అయ్యేలోపే డబ్బులు అయిపోయేవి. అయినా వదినకి అది చాలు. వారానికొకసారి గొంతు వినపడితే ఆవిడ ఇంకో వారం నడిపించేది.

జులైలో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. ఆ సారి 16వ తేదీన 71 అడుగులు దాటింది. 1986 తర్వాత అంత నీరు చూడలేదు. వదిన వాళ్లని ఊరు ఖాళీ చేయించి ఒక బడిలో పెట్టారు. కరెంటు లేదు, చిన్న ఫోనులో ఛార్జింగ్ లేదు, టవరుకి ప్రాణం లేదు. దారులు మూసేశారు. పాల్వంచలో ఉన్న మాకే వాళ్లు ఏ బడిలో ఉన్నారో తెలియలేదు.

షార్జాలో పిల్లవాడి సంగతి ఇక చెప్పేదేముంది. వాడు గదిలో కూర్చుని యూట్యూబులో తెలుగు వార్తల ఛానళ్లు చూస్తున్నాడు. చూపించిన నీళ్లే మళ్లీ మళ్లీ చూపిస్తుంటే వాడికి ప్రతిసారీ కొత్త నీళ్లే. నాకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, "అత్తా, అమ్మ ఎత్తట్లేదు" అని. నేను వెంటనే వాట్సాప్ కాల్ చేశాను. కలవలేదు. వాడు చేశాడు. మోగినట్టే మోగి ఆగిపోయింది. నేను వాడు కట్ చేశాడనుకున్నాను, వాడు నేను కట్ చేశాననుకున్నాడు. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళుతుంది గానీ కాల్ వెళ్లదని నాకు ఆ రోజు తెలిసింది. అక్కడ ఇంటర్నెట్ మీద మాట్లాడాలంటే ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లే వాడాలి. మామూలు కాల్ చేద్దామంటే నా రీఛార్జిలో ఐఎస్‌డీ లేదు. వాడి దగ్గర బ్యాలెన్స్ లేదు.

"అంతా బాగానే ఉన్నారు, భయపడకు" అని రాశాను. నేను చదివింది బీఏ తెలుగు. మాట ఎలా రాయాలో కాస్తో కూస్తో తెలుసు. కానీ ఆ వాక్యం రాశాక నాకే అనిపించింది, ఘోరం జరిగిన ఇంటి నుంచి కూడా ఇదే వాక్యం వస్తుంది కదా అని. వాడు నమ్మలేదు. "నిజం చెప్పు అత్తా" అని రాశాడు. ఒకటి కాదు, పదిసార్లు.

ఆ రాత్రి పక్కింటి డిగ్రీ కుర్రాడొచ్చి నా ఫోనులో బోటిమ్ వేసి పెట్టాడు. అటు మావాడు దానికి విడిగా ప్యాకేజీ వేసుకుని కాల్ చేశాడు. నా గొంతు విన్నాక కాస్త తేరుకున్నాడు గానీ, వాడికి కావాల్సింది నా గొంతు కాదు కదా. మర్నాడు మధ్యాహ్నం వదిన ఎవరిదో ఫోను అడిగి మావారికి చేసింది. మావారు ఏమనుకున్నారో ఏమో, ఆవిడని లైనులో ఉండమని, నా ఫోనులో వాడికి బోటిమ్ కలిపి, రెండు ఫోన్లూ స్పీకరులో పెట్టి ఎదురెదురుగా పట్టుకున్నారు. ఆవిడ ఏడుపు ఈ ఫోనులోంచి ఆ ఫోనులోకి, వాడి ఏడుపు ఆ ఫోనులోంచి ఈ ఫోనులోకి. మధ్యలో మా ఇద్దరికీ మాట లేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మూడు రోజుల బాధలో సగం వరద పెట్టింది, సగం మేము పెట్టుకున్నది. వాడు మేలో బయల్దేరే ముందు అరగంట కూర్చుని ఉంటే ఆ సగం తప్పేది. కొత్తగా దేశం వెళ్లినవాడి ఫోను ఏర్పాటు వాడొక్కడి పని అనుకుంటాం. కాదు, అది ముందు ఇంట్లో ఉండేవాళ్ల పని. వాడికి అక్కడ చెప్పడానికి గదిలో నలుగురు స్నేహితులు ఉంటారు. వదినకి ఎవరున్నారు? ఆ యాప్ రెండు వైపులా ఉండాలని, రెండు వైపులా నేర్చుకోవాలని ఎవరు చెబుతారు? గల్ఫ్ పనులకి వెళ్లేవాళ్లకి బయల్దేరే ముందు విదేశాంగ శాఖ ఒక రోజు శిక్షణ పెట్టించింది. మంచి పని. ఆ రోజు పక్కన అమ్మనో భార్యనో కూడా కూర్చోబెడితే ఇంకా బాగుండునని నా ఆశ.

దేశానికో పద్ధతి ఉంటుందని తెలుసుకోవాలి. సౌదీలో కూడా ఈ ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు ఉండేవి, 2017 సెప్టెంబరులో ఎత్తేశారు. "యూఏఈలోనూ వీపీఎన్ వేసుకో, అన్నీ కలుస్తాయి, మన సినిమాలూ వస్తాయి" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మావాడికీ ఒకాయన చెప్పాడు. వీపీఎన్‌ని అడ్డం పెట్టుకుని అక్కడ నేరమైన పని చేస్తే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా అని అక్కడి చట్టం. నెలకి వెయ్యీ పదిహేను వందలూ తెచ్చుకునే పిల్లవాడికి ఒక సినిమా కోసం ఆ తలనొప్పి దేనికి? సలహా ఇచ్చిన ఆయన ఇక్కడ సెంటర్లో టీ తాగుతూ బాగానే ఉంటాడు.

2023 ఆగస్టులో మా అమ్మాయి ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్లింది. ఈసారి పచ్చళ్ల కన్నా ముందు ఫోను దగ్గర కూర్చున్నాం. అన్నిటికన్నా ముఖ్యమైనది మన దేశం నంబరును బతికించుకోవడం. దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది, చదువు అప్పు ఖాతా దాని మీదే ఉంటుంది. మూడు నెలలు ఏ వాడకమూ లేకుండా వదిలేస్తే నంబరు పోవచ్చు, తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు కూడా. మాకు తెలిసిన ఒకావిడ కొడుకు నంబరు అలాగే పోయింది. ఆవిడ అలవాటుగా "నాన్నా తిన్నావా" అని మెసేజ్ పెడితే ఎవరో "తిన్నానండీ, మీరెవరు?" అన్నారట. నవ్వొస్తుంది గానీ, ఆ కొత్తాయనకే బ్యాంకు ఓటీపీలు కూడా వెళ్లాయన్నాక నవ్వు ఆగిపోతుంది.

అందుకని మేం నంబరుకి రీఛార్జి పనిని మావారి క్యాలెండరులో రాసి పెట్టాం. విమానం ఎక్కకముందే రోమింగ్ తెరిపించి, డేటా రోమింగ్ మాత్రం ఆపించాం. ఆ సిమ్మును ఇక్కడే ఈసిమ్‌గా మార్పించాం, ఎందుకంటే 14వ రకం నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ము పెట్టుకునే గాడే ఉండదు. అది అక్కడ కొనుక్కుంటే మన సిమ్ము చేత్తో పట్టుకుని తిరగాల్సిందే. ఇక్కడి నుంచి పట్టుకెళ్లే ఫోనయినా అక్కడి నెట్‌వర్కుకి పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలి. 2022లో అక్కడ 3జీ మూసేశారు. కాల్ కూడా 4జీ మీదే వెళ్లాలి. కొన్ని ఫోన్లలో నెట్ వస్తుంది, కాల్ రాదు. అలాంటప్పుడు మనం ఫోను పాడైందనుకుంటాం.

సిమ్ము మొదట ప్రీపెయిడే నయం. దిగగానే నలుగురైదుగురు పిల్లలు కలిసి ఫ్యామిలీ ప్లాను తీసుకుంటారు, తలకి తక్కువ పడుతుందని. పడుతుంది నిజమే. కానీ బిల్లు ఒకరి పేరు మీద ఉంటుంది. మధ్యలో ఒకరు వేరే ఊరు పోతారు, ఇంకొకరు రెండు నెలలు డబ్బులివ్వరు. మా అమ్మాయి గదిలో అన్నం వండే వంతు మీద రాని గొడవ ఈ బిల్లు మీద వచ్చింది.

వినోదం సంగతికొస్తే నాకు పెద్ద బెంగ లేదు. 2006లో యప్ టీవీ మొదలైనప్పుడు పరాయి దేశంలో తెలుగు ఛానల్ చూడటమే విశేషం. 2020లో ఆహా వచ్చాక తెలుగు సినిమాలకే ఒక యాప్ ఉంది. ఇక్కడ మనం కట్టిన చందా అక్కడ అన్నీ చూపించదని మాత్రం ముందే చెప్పాలి, సినిమా హక్కులు దేశం లెక్కన అమ్ముతారు కాబట్టి. అయినా మొదటి రెండు మూడు నెలలు పిల్లలకి తెలుగు సీరియళ్ల కన్నా ఆ ఊరి బస్సు ఎప్పుడొస్తుందో చూపించే యాప్ ముఖ్యం అంటాను నేను. గదిలో తలుపు వేసుకుని మన టీవీయే చూస్తూ కూర్చుంటే ఒళ్లు అక్కడికి చేరుతుంది గానీ మనసు ఇంకా పాల్వంచ బస్టాండులోనే ఉంటుంది. మొదట్లో నేనూ తప్పు చేశాను. కూర మాడినా వీడియో కాల్, పిల్లి వచ్చినా వీడియో కాల్. ఒకరోజు అది, "అమ్మా, నువ్వు ఇన్నిసార్లు చేస్తే నేను ఇక్కడెవరితో మాట్లాడను?" అంది. రెండు రోజులు అలిగాను. తర్వాత అది చెప్పింది నిజమేననిపించి టైము పెట్టుకున్నాం.

ఆ టైముతో మా అత్తగారికి వచ్చిన తంటా వేరు. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. పదిన్నర గంటల తేడా పదకొండున్నర అవుతుంది. "పిల్ల గంట ఆలస్యంగా చేస్తోంది, ఏదో దాస్తోంది" అని ఆవిడ వారం రోజులు అనుమానపడ్డారు. ఇప్పుడు ఆ గడియారం సంగతి ఆవిడే వచ్చినవాళ్లందరికీ వివరిస్తున్నారు. శ్రీరామనవమినాడు భద్రాచలంలో కల్యాణం మధ్యాహ్నం పన్నెండుకైతే మనవరాలికి అది రాత్రి ఒకటిన్నర అని కూడా ఆవిడకి తెలుసు. పరీక్షలుంటే చూడొద్దులే అంటారు. అది చూస్తుంది. జీలకర్ర బెల్లం దగ్గర ఒక దండం బొమ్మ పంపిస్తుంది, అంతే, కాల్ లేదు.

వదిన ఇప్పుడు పెద్ద ఫోను వాడుతోంది. బోటిమ్ తనే తెరుస్తుంది. బియ్యం డబ్బా పైన గోడకి ఒక అట్ట అంటించి ఉంది. మా నంబరు, పక్క ఊళ్లో చుట్టాల నంబరు, షార్జాలో వాడి గదిలో ఉండే ఇద్దరు పిల్లల నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించింది. అదే అట్ట ఫొటో వాడి దగ్గరా ఉంది. వానాకాలం వస్తే నీళ్లు 43 అడుగులకి రాకముందే తనే వాడికి చేస్తుంది. "ఒరేయ్, నేను తమ్ముడింటికి పోతున్నా. రెండు రోజులు ఫోనెత్తకపోతే ఛార్జింగ్ లేదనుకో. ఆ టీవీ వాళ్లని చూడకు, మీ అత్తని అడుగు" అని చెప్పి, సంచీ సర్దుకుని మా ఇంటికి బస్సెక్కుతుంది.