జీతంలో రెండు కోతలు, ఒకదాని మీదే నా గొడవ

మన హాస్టల్‌లో ప్యాకేజీల మీద జరిగినంత చర్చ ఏ సబ్జెక్టు మీదా జరగదు. అమెరికాలో లక్ష డాలర్ల జాబ్ అనగానే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి 85తో గుణించేస్తాం. గుణకారం దగ్గరే ఆగిపోతాం, తీసివేతల దాకా ఎవరూ రారు.

అక్కడి పే స్టబ్‌లో ముఖ్యంగా రెండు కోతలుంటాయి. మొదటిది ఇన్‌కమ్ ట్యాక్స్. దాని మీద నాకే కంప్లయింటూ లేదు. వాళ్ళ రోడ్ల మీద తిరుగుతాం, పిల్లల్ని వాళ్ళ పబ్లిక్ స్కూల్లో వేస్తాం, కాబట్టి కట్టాలి. ఒకే జీతానికి రెండు దేశాల్లో పూర్తిగా కట్టాల్సి వస్తుందేమో అని కొందరు భయపడతారు గానీ, దాని కోసమే ఇండియా, అమెరికా 1989లో ఒప్పందం రాసుకున్నాయి. ఒకచోట కట్టింది చూపిస్తే రెండోచోట క్రెడిట్ ఇస్తారు. ఆర్నెల్లకో ఎనిమిది నెలలకో ఆన్‌సైట్ వెళ్ళొచ్చేవాళ్ళకి మాత్రం పేపర్లు కాస్త తలనొప్పే. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, వాళ్ళది జనవరిలో. ఇక్కడ 182 రోజుల లెక్క, అక్కడ 183 రోజుల లెక్క, అది కూడా గత రెండేళ్ళలో ఉన్న రోజుల్లో కొంత భాగం కలిపి. మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం, ఈ మాత్రం ఇఫ్ కండిషన్లు మనకి కొత్తేం కాదు.

నా గొడవంతా రెండో కోత మీద. సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం. కంపెనీ కూడా మన పేరు మీద మళ్ళీ అంతే కడుతుంది. లక్ష డాలర్ల జీతం మీద ఒక్క సోషల్ సెక్యూరిటీకే ఏడాదికి 6,200 డాలర్లు మన జేబులోంచి పోతాయి. ఆరేళ్ళకి 37,200. డాలర్ 85 అనుకున్నా 31 లక్షల పైనే. ఇది ముసలితనంలో పెన్షన్ కోసం దాచే డబ్బు. ఆ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగు క్రెడిట్లకి మించి రావు, అంటే పదేళ్ళు పనిచేయాలి. హెచ్-1బి వీసాకి మామూలు గరిష్ఠ గడువేమో ఆరేళ్ళు. ఇరవై నాలుగు క్రెడిట్లతో ఫ్లైట్ ఎక్కేసినవాడికి వచ్చేది సున్నా. మీరు తాత్కాలికంగానే ఉండాలి అని వీసాలో రాసేది వాళ్ళే, శాశ్వతంగా ఉండేవాళ్ళ పెన్షన్‌కి డబ్బు తీసుకునేదీ వాళ్ళే. నాకు ఇది న్యాయంగా అనిపించదు.

మా బాబాయ్ ఆరేళ్ళు డాలస్ దగ్గర ఒక క్లయింట్ ఆఫీసులో కాంట్రాక్టర్‌గా చేసి, నానమ్మకి ఒంట్లో బాగోక వచ్చేశారు. ఆ డబ్బు గురించి అడిగితే "అది పోయినట్టే రా, కట్నం అనుకున్నాం" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. పదో పరకో అయితే వేరే సంగతి, ఊళ్ళో ఇల్లు కట్టుకునేంత డబ్బు అది.

గ్రీన్ కార్డ్ లైన్లో ఉండి చాలామంది ఆరేళ్ళు దాటి ఉండిపోతారు కదా, వాళ్ళకి 40 క్రెడిట్లు వచ్చేస్తాయి కదా అనొచ్చు. నిజమే. అంటే నష్టపోయేది ఎవరు? తల్లిదండ్రుల కోసమో, లేఆఫ్ వల్లో, వీసా రాకో మధ్యలో తిరిగొచ్చినవాళ్ళు. అందరికంటే ఆ డబ్బు అవసరం ఎక్కువ ఉన్నవాళ్ళు.

దీనికి మందు ఎవరూ కనిపెట్టక్కర్లేదు, ఎప్పటి నుంచో ఉంది. టోటలైజేషన్ అగ్రిమెంట్ అంటారు. ఇండియాకి బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, జపాన్ లాంటి దేశాలతో ఇలాంటివి ఉన్నాయి. ఇక్కడి కంపెనీ జర్మనీకి పంపిందనుకోండి, మన ఈపీఎఫ్ఓ ఇచ్చే సర్టిఫికెట్ చూపిస్తే కొన్నేళ్ళ పాటు అక్కడ పెన్షన్‌కి కట్టక్కర్లేదు. అమెరికాతో మాత్రం లేదు. ఒక్క మాట ఒప్పుకోవాలి: ఎంఎస్ చేసి అక్కడి కంపెనీలోనే చేరినవాళ్ళకి ఈ ఒప్పందం వచ్చినా కోత ఆగదు. ఆగేది ఇక్కడి కంపెనీ పంపినవాళ్ళకే. కానీ రెండు దేశాల్లో చేసిన సర్వీసు కలిపి లెక్కేస్తారు కాబట్టి ఆరేళ్ళ డబ్బు గాల్లో కలిసిపోదు.

మరి అమెరికా ఎందుకు ఒప్పుకోదు? వాళ్ళ చట్టం ప్రకారం అవతలి దేశంలోనూ జనానికి విస్తృతంగా వర్తించే పెన్షన్ వ్యవస్థ ఉండాలి. మన పీఎఫ్ ఎవరికుంది? ఆటో నడిపే ఆయనకి లేదు, మన మెస్‌లో వండే అక్కకి ఉందో లేదో ఎవరం అడగలేదు. ఇక్కడ వాళ్ళ వాదనలో పస ఉంది, కొట్టిపారేయలేం. పైగా మనమూ తక్కువేం తినలేదు. 2008 నుంచి, ఒప్పందం లేని దేశాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్ళకి పీఎఫ్ పెట్టాం. మనకుండే 15,000 జీతం పరిమితి వాళ్ళకి లేదు, పూర్తి జీతం మీద కోత. మామూలుగా 58 ఏళ్ళు నిండితే గానీ చేతికి ఇవ్వం అన్నాం. దాని మీద కోర్టు కేసులూ నడిచాయి. అయినా వాళ్ళకి ఆలస్యంగానైనా వస్తుంది, మనవాళ్ళకి అసలు రాదు.

మన ప్రభుత్వాలు ఈ మాట ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి. మనమే అడగం. అక్కడి తెలుగు సభల్లో సినిమా హీరోలకి దొరికే టైములో పదో వంతు దీనికి దొరికినా బాగుండేది. ఇక్కడ మన ఎంపీలని వీసాల గురించి అడుగుతాం గానీ, వీసా అయిపోయి తిరిగొచ్చిన వాళ్ళ గురించి అడిగామా?

ఈ ఏడాది ఎంఎస్‌కి వెళ్తున్న సీనియర్లకి రెండు విషయాలు. ఎఫ్-1 మీద ఉన్న స్టూడెంట్‌కి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, ఓపీటీ టైముతో సహా, ఈ రెండో కోత మామూలుగా ఉండకూడదు. పే స్టబ్‌లో కనిపిస్తే ముందు కంపెనీని అడగండి, వాళ్ళు వెనక్కి ఇవ్వకపోతే ఐఆర్ఎస్‌కి ఫామ్ 843 పెట్టొచ్చు. ఇంకోటి, తిరిగొచ్చేద్దాం అనుకున్న రోజు టికెట్ బుక్ చేసేముందు సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ క్రెడిట్లు ఎన్నో చూసుకోండి. 36 ఉంటే, ఇంట్లోవాళ్ళతో మాట్లాడి ఇంకో ఏడాది ఆగడం కుదురుతుందేమో చూడండి.