గృహారోగ్యము: పలక చెప్పెడి మాట, ఇంట జరుగవలసిన పని



వేసవి వచ్చినదనగా మన నూజివీటి సీమలో ఇల్లాండ్రకు తీరిక యుండదు. తోటలలో బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము కోతకు వచ్చును. ఇండ్లలో ఆవలు ఎండబెట్టుట, ఉప్పు దంచుట, జాడీలు కడుగుట సాగుచుండును. ఏడాదికి సరిపడు ఊరగాయ పెట్టెడి ఆ చేతులలోనే ఇంటివారి ఆరోగ్యమును గలదు. కావున గుండెను గూర్చియు, మన పొరుగు పల్లెలలో జరిగిన యొక పరిశోధనను గూర్చియు ఈ నెల ముచ్చటించుకొందము.

గుండెజబ్బు పట్టణవాసులకే వచ్చునని చాలమంది తలంతురు. ఆ తలంపు తప్పని గోదావరి జిల్లాల పల్లెలే చాటినవి. అచ్చట 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనములో, 2004 అక్టోబరుతో ముగిసిన సంవత్సరమున 1,354 మరణములు సంభవించెను. కారణములను విచారింపగా నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించినవని తేలినది. అంటువ్యాధుల వలని మరణములు అంతకంటె చాల తక్కువ.

రక్తపు పోటు నొప్పి పుట్టింపదు, కొలిచిననే తెలియును. పల్లెలో కొలుచువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో జార్జి ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధనాసంస్థకు చెందిన డాక్టరు ప్రవీణ్ దేవరశెట్టి, డాక్టరు డేవిడ్ పీరిస్ ముఖ్యులు. వారును వారి సహచరులును పశ్చిమ గోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పరిధిలోని 54 గ్రామములను ఎన్నుకొనిరి. గర్భిణులను, పసిబిడ్డలను కనిపెట్టుకొని యుండెడి ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ అనబడు ఎలక్ట్రానిక్ పలకను ఇచ్చిరి.

ఆమె ఇంటికి వచ్చి, నలువది యేండ్లు నిండినవారికి పోటు కొలిచి, వయస్సు, పొగత్రాగుట, మధుమేహము మున్నగు వివరములు పలకలో నింపును. రాబోవు పదియేండ్లలో గుండెపోటుగాని పక్షవాతముగాని వచ్చు అపాయమెంతయో పలక లెక్కకట్టి తెలుపును. అపాయము హెచ్చుగా నున్నవారిని ఆమె వైద్యునికడకు పంపును. వైద్యుని పలక ఏ మందు తగునో సూచించును. నిర్ణయము మాత్రము వైద్యునిదే. మరల ఎవరిని పలుకరింపవలెనో ఆశాకు గుర్తుచేయుటయు ఆ యేర్పాటులోనిదే.

గ్రామములను ఒక్కమారుగాక విడతలుగా చేర్చి, ఏర్పాటు అందినవారిని అందనివారితో పోల్చిరి. ఫలితములు 2019లో ప్రకటింపబడినవి. అపాయము హెచ్చుగా నున్నవారిలో పోటు తగ్గించు మందు వ్రాయబడినవారు, ఏర్పాటు లేనిచోట నూటికి 48 మంది కాగా, ఉన్నచోట 54 మంది. ఇది మేలే. కాని పోటు అదుపులోనికి వచ్చినవారు అచ్చట 39, ఇచ్చట 41. ఆ కొద్దిపాటి భేదము లెక్కకు నిలువదని పరిశోధకులే దాపరికము లేక చెప్పిరి.

ఇందు మనము నేర్వవలసినది గలదు. పలక అపాయమును చూపగలదు, మందును నోటవేయలేదు. చీటి వ్రాసినంతనే పోటు దిగదు. మందు ఎడతెగక దొరకవలెను, దొరికినది ప్రతిదినము మ్రింగవలెను, మరల మరల కొలిపించుకొనవలెను. వైద్యుని, మందును అందుబాటున నుంచుట ప్రభుత్వము బాధ్యత. తక్కినది ఇంటిలో జరుగవలసిన పని.

“నాకేమి, తల్లీ! బాగుగనే యున్నాను గదా, మాత్రలెందుకు?” అని అత్తగారు ఆశా కార్యకర్తతో అనుట మనము వినని మాట కాదు. బాగుగ నుండుట ఆ మాత్రల వలననే కావచ్చును. వైద్యుని అడుగక వానిని మానరాదు. పోటు కొలిపించుకొనుటకు ముందు అయిదు నిమిషములు నెమ్మదిగా కూర్చుండవలెను. కాఫీ అప్పుడే త్రాగియుండరాదు. పలుమార్లు కొలిచినను 140/90కి తగ్గకున్నచో వైద్యుని తప్పక చూడవలెను.

ఇక ఉప్పు. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, తక్కువగా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కూరలో, పులుసులో, అప్పడములో, ఊరగాయలో ఉన్నదంతయు ఈ లెక్కలోనిదే. జాడీలో ఉప్పు తగ్గించిన ఊరగాయ చెడును. కావున తగ్గింపవలసినది వడ్డనలో. ఆవకాయ ముద్దతో అన్నము కలుపుటకు మారు, కొద్దిగా నంజుకొనుట మేలు. మజ్జిగలో ఉప్పు మానవచ్చును.

కడపటిమాట. మన ఇండ్లలో భర్తకు, అత్తమామలకు మందు వేళకు అందించెడి ఇల్లాలు తన చేతికి పట్టీ కట్టించుకొనుట మరచును. ఆశా కార్యకర్త ఈ మారు వచ్చినప్పుడు, సోదరీ, ఇంటివారితోపాటు నీ చేయియు చాపుము.