మానమని చెప్పని సలహా

విద్యారుణానికి దరఖాస్తు పెట్టుకున్న తండ్రిని మా బ్యాంకులో అడగని ప్రశ్న ఉండదు. జీతమెంత, పూచీ ఎవరు, కాలేజీకి గుర్తింపు ఉందా, అన్నీ అడుగుతాం. శనివారం రాత్రి హాస్టల్లో అబ్బాయి ఏం చేస్తాడన్న ప్రశ్న మాత్రం మా ఫారంలో లేదు. ఇంట్లోనూ ఎవరూ అడగరు. తాగే పిల్లలెప్పుడూ పక్కింట్లోనే ఉంటారు గదా!

మద్యం విషయంలో మనకు తెలిసిన ఉపాయాలు రెండే. మొదటిది నిషేధం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో అది సడలింది. ఆ రోజుల్లో యానాం దారి ఎంత రద్దీగా ఉండేదో అక్కడి పాఠకులకు నేను చెప్పాలా? రెండోది ఒట్టు. దేవుడి పటం ముందు నిలబెట్టి, అమ్మ తల మీద చెయ్యి పెట్టించి వేయించేది.

మన సమాజం మిత్రుడొకరు కొడుకు చేత ఇలాంటి ఒట్టే వేయించారు. కుర్రవాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. ఒట్టు మూడు వారాలు నిలిచింది, ఆ తరువాత అబద్ధాలు మొదలయ్యాయి. కాలేజీవారు కౌన్సిలరు దగ్గరకు పంపితే, రెండుసార్లు కూర్చుని వచ్చాడు. మిత్రుడు మండిపడుతూ నా దగ్గరకు వచ్చారు. "మానమని ఒక్క మాటైనా అనలేదట అన్నగారూ! లెక్క రాయమన్నాడట. ఇదేం కౌన్సిలింగు?"

లెక్క అనగానే నాకు ఆసక్తి పుట్టింది. విచారిస్తే ఇది ఆ కౌన్సిలరు సొంత తెలివి కాదని తేలింది. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు విద్యార్థుల కోసమే తీర్చిదిద్దిన పద్ధతి ఇది. తిట్టరు, భయపెట్టరు. రెండు వారాల పాటు ఎప్పుడు, ఎక్కడ, ఎంత తాగావో నిన్నే రాయమంటారు. రెండోసారి ఆ లెక్కనే నీ ముందు పెట్టి, "దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది?" అని అడుగుతారు. అంతే, మన పాసుపుస్తకం లాంటిదే. ఖర్చు తగ్గించమని పాసుపుస్తకం ఎవరికీ చెప్పదు, అయినా అది చూశాక చెయ్యి కాస్త వెనక్కి వస్తుంది.

ఆ కుర్రవాడు శనివారానికి మూడు బీర్లు రాశాడు. మూడేగా అనుకున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పది గ్రాముల ఆల్కహాలు ఒక కొలత. ఎనిమిది శాతం ఉండే స్ట్రాంగు బీరు, 650 మిల్లీలీటర్ల సీసా, ఒక్కొక్కటి నాలుగు కొలతలు. అంటే మూడు సీసాలకు పన్నెండు. లివరు గంటకు సుమారు ఒక కొలత మాత్రమే కరిగించగలదు. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, తలమీద నీళ్ళు కుమ్మరించుకున్నా దాని వేగం పెరగదు. అర్ధరాత్రి దాకా తాగినవాడు ఆదివారం పొద్దున్నే మోటారు సైకిలెక్కితే, రక్తంలో మద్యం ఇంకా ఉన్నట్టే. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు. మనకు మాత్రం ఎవరు చెప్పారు?

మరొకటి కూడా అడిగారట: మీ క్లాసులో ఎంతమంది ఇలా తాగుతారు అని. అందరూ అన్నాడట వీడు. విద్యార్థులు తోటివారి తాగుడును ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటారని 1986 నుంచీ పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. తాగనివాడు గదిలో పడుకుంటాడు, తాగినవాడు వరండాలో పాడతాడు. మన చెవికి వినబడేది పాటే.

ఫలితం మాటకొస్తే, సియాటిల్‌లో బాగా తాగే 348 మంది విద్యార్థులను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గంతో మొదటి ఏడాది ఒకసారి కూర్చుని మాట్లాడి, మరుసటి ఏడాది వారి లెక్కను పోస్టులో పంపారు. రెండేళ్ళకు రెండు వర్గాలూ తగ్గించాయి. వయసు పెరిగితే కొంత తగ్గడం మామూలే. కాని మాట్లాడిన వర్గంలో తాగుడూ, దానివల్ల వచ్చే చిక్కులూ మరింత తగ్గాయి. ఈ వివరాలు 1998లో వెలువడ్డాయి. మన దేశంలో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లు కానివారికే శిక్షణ ఇచ్చి, 377 మంది పురుషులతో ఒక పరీక్ష చేశారు. వాళ్ళు విద్యార్థులు కారు, వయోజనులు. మూడు నెలలకు హానికరమైన తాగుడు నుంచి బయటపడ్డవారు కౌన్సిలింగు పొందినవారిలో 36 శాతం, పొందనివారిలో 26 శాతం. పది శాతమేనా అంటారేమో. రికవరీ పని చేసినవాణ్ణి అడగండి, పది శాతం అంటే ఏమిటో!

మిత్రుడి ప్రశ్నకు నా జవాబు ఇదీ. మానడమే మంచిది, అందులో సందేహం లేదు. కాని మానమన్నప్పుడు మీవాడు మీకు అబద్ధం చెప్పాడు. లెక్క రాయమన్నప్పుడు నిజం రాశాడు. ఇప్పుడు శనివారానికి ఒక సీసా దాటనని తనంతట తానే హద్దు పెట్టుకున్నాడు, ఆ కాగితం తనే తెచ్చి మీకు చూపించాడు. ఒట్టు వల్ల ఇంతపని జరగలేదు గదా? మిత్రుడు మెత్తబడ్డారు గాని, పూర్తిగా ఒప్పుకోలేదు. దానికి వేరే కారణం ఉంది. కాగితం చూపిస్తూ వాడు, "నాన్నా, మీ లార్జి పెగ్గు రెండు కొలతలు, తెలుసా?" అన్నాడట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పది ప్రశ్నల పత్రం ఒకటుంది. మొత్తం 40 మార్కులు, ఎనిమిదీ ఆపైన వస్తే జాగ్రత్త పడాలి. మిత్రుడు అది నా దగ్గర అడిగి తీసుకెళ్ళారు. ఎంత వచ్చిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక్క హెచ్చరిక. ఈ మాటల వైద్యం తాగుడుకు ఇంకా బానిస కానివారికే. పొద్దున్నే చెయ్యి వణికేవారు, తాగకపోతే చెమటలు పట్టేవారు ఒక్కసారిగా మానితే ఫిట్సు రావచ్చు, ప్రాణానికే ముప్పు. వారిని డాక్టరుకు చూపించి తీరాలి. బెంగళూరులో నిమ్హాన్స్, చెన్నైలో టి.టి.కె. ఆస్పత్రి, పుణెలో ముక్తాంగణ్ ఇందుకు పేరున్నవి. మిగతా ఊళ్ళవారు 14446కు ఫోను చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.