భాగహారం ఎక్కడ ఆపాలి?

పేరెంట్స్ మీటింగ్‌లో లెక్కల టీచర్లను మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది: "షార్ట్‌కట్స్ ఎందుకు నేర్పడం లేదు సార్?" అడగడంలో తప్పేమీ లేదు. ఎలాంటి షార్ట్‌కట్ కావాలన్నదే ప్రశ్న. ఒక సంఖ్య చూడండి.

2,14,74,83,647. 2ని 31 సార్లు వేసి గుణించి, 1 తీసేస్తే వచ్చేది ఇదే. ఇది ప్రధాన సంఖ్య. కంప్యూటర్‌లో ఒక సంఖ్యకు 32 బిట్ల చోటిచ్చి, మైనస్ సంఖ్యలనూ అందులోనే సర్దితే, పట్టే అతి పెద్ద సంఖ్య కూడా ఇదే. 2014లో 'గంగ్నమ్ స్టైల్' వ్యూస్ దీన్ని దాటబోతుంటే యూట్యూబ్ తన లెక్కింపును 64 బిట్లకు మార్చుకుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల వ్యవస్థలకు 2038 జనవరి 19 ఉదయం, మన టైమ్ ప్రకారం 8:44కి, ఇదే చిక్కు వస్తుంది. ఇప్పటి ఆరో తరగతి పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు!

ఇది ప్రధాన సంఖ్యేనని 1772లో లియొనార్డ్ ఆయిలర్ తేల్చాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. ఇంత పెద్ద సంఖ్యను దేనిదేనితో భాగించి చూడాలి? వర్గమూలం దాకా చాలు. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, ఆ రెండూ వర్గమూలం కంటే పెద్దవి కాలేవు కదా. అంటే 46,340 దగ్గర ఆగిపోవచ్చు. కానీ ఆలోపు ప్రధాన సంఖ్యలే నాలుగు వేలకు పైగా ఉన్నాయి. ఆయిలర్ ఇంకా వడపోశాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని 62తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇంకో షరతు కూడా కలిపితే 372కు మించి భాగహారాలు అక్కర్లేకపోయింది.

ఈ 62 ఎక్కడిదో చిన్న లెక్కలో చూడొచ్చు. 2ని 2, 3, 5, 7 సార్లు గుణించి 1 తీసేస్తే 3, 7, 31, 127 వస్తాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. 11 సార్లకు వచ్చే 2047 కూడా అంతేననుకుంటారు పిల్లలు. కాదు, అది 23 × 89. ఆ రెండింటినీ 22తో భాగించండి, శేషం 1. 11కి 22 ఎలాగో, 31కి 62 అలాగే.

ఇదీ షార్ట్‌కట్టే. కాకపోతే ఎందుకు పనిచేస్తుందో తెలిసిన షార్ట్‌కట్. వంద లోపు ఉన్న 25 ప్రధాన సంఖ్యలను గడగడా అప్పజెప్పే పిల్లలకు స్లిప్ టెస్ట్‌లో ఫుల్ మార్కులు వస్తాయి. ఆ జాబితాలో లేని సంఖ్య ఇస్తే మాత్రం పెన్ను కదలదు. అందుకే నా అభిప్రాయం: ప్రతి స్లిప్ టెస్ట్‌లో "ఎందుకు?" అన్న ప్రశ్నకు కొన్ని మార్కులు ఉండాలి. దానివల్ల పది లెక్కలకు బదులు ఆరే చేయించినా మీరు కంగారు పడకూడదు. ఫౌండేషన్ క్లాసులకు కట్టే ఫీజుకు మనం అడగాల్సింది ఇదే.

ఈ ఆదివారం మీ పిల్లలకు 221 ఇచ్చి చూడండి. 13 దగ్గర తెగుతుంది. తర్వాత 223 ఇవ్వండి. అది తెగదు. 13తో ఎందుకు ఆపేశావని అడగండి. పది నిమిషాలు పట్టినా జవాబు మాత్రం మీరు చెప్పేయకండి.